క్లినిక్‌కు డబ్బు కట్టే ముందు బడికి ఉత్తరం రాయండి

అమ్మా, మీ నాలుగేళ్ల బాబు గురించి రాసినదంతా చదివాను. ఆక్యుపేషనల్ థెరపీకి, అంటే తినడం, బట్టలు వేసుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు నేర్పే చికిత్సకు, ఎంత ఖర్చవుతుందని అడిగారు. అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు ఈ ప్రశ్న వేయరు. తెలిసినవాళ్లు ఏ క్లినిక్ పేరు చెబితే అక్కడికి పరుగెత్తుతారు. మేమూ అలాగే పరుగెత్తాం.

న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో మా పెద్దవాడికి పెరుగన్నం వేళ్లకు అంటితే చాలు, వాంతి అయ్యేది. గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. పెన్సిల్‌ను పిడికిలితో పట్టేవాడు. ఆట ఆపమంటే నేల మీద పడి తల కొట్టుకునేవాడు. బడికి చెబితే పిల్లవాడి మీద ముద్ర పడుతుందని, వీసాకు అడ్డం వస్తుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేర్పించాం. అది మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న క్లినిక్‌లలో, ఉందా అని అడగలేదు. ఇన్సూరెన్స్ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలని తెలియదు. బిల్లులు వచ్చాక చూస్తే ఇన్సూరెన్స్ ఒక్కటీ కట్టలేదు. ఊళ్లో స్థలం కొనడానికి దాచిన సొమ్మంతా వాటికే పోయింది. థెరపీ వాడికి మేలే చేసింది. కానీ అందులో చాలా భాగం బడిలో ఉచితంగా దొరికేదని తర్వాత తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఐడియా (IDEA) అనే చట్టం ఉంది. దాని మూలం 1975 నాటిది. మూడేళ్లు నిండిన పిల్లవాడికి వైకల్యం ఉండొచ్చనే అనుమానం ఉంటే, స్కూల్ డిస్ట్రిక్టే, అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థే, ఉచితంగా పరీక్షించాలి. చదువుకు అవసరమని తేలితే థెరపీ కూడా ఇవ్వాలి. హెచ్-4 వీసా మీద, అంటే ఉద్యోగ వీసాపై వచ్చినవాళ్ల కుటుంబ వీసా మీద, ఉన్న పిల్లలకూ ఇది వర్తిస్తుంది. నోటిమాటగా అడిగి ఊరుకోకండి, పరీక్షించమని కోరుతూ తేదీ వేసి ఉత్తరం ఇవ్వండి. న్యూజెర్సీలో అయితే, అది అందిన 20 రోజుల్లో పరీక్ష అవసరమా అని తేల్చడానికి మీతో సమావేశం పెట్టాలి. మిగతా నిబంధనలు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చదువుకోండి.

థెరపీ గదిలో ఉయ్యాల, పెద్ద బంతి, బియ్యం పోసిన తొట్టి చూసి, ఆటలకా ఇంత డబ్బు అన్నారు మావారు. ఆ ఆటల్లోనే చికిత్స ఉంది. స్పర్శ, శబ్దం, కదలిక కొందరు పిల్లలకు మరీ ఎక్కువగా తగులుతాయి, కొందరికి చాలినంత అందవు. వాటిని బిడ్డ తట్టుకోగలిగినంత మేరకే అందిస్తూ పోతారు. అమెరికాలో జీన్ ఎయర్స్ అనే థెరపిస్టు ఈ పద్ధతికి పునాది వేశారు. మావాడు మొదట పొడి బియ్యంలో చేయి పెట్టాడు, తర్వాత తడి పిండిలో, చాలాకాలానికి అన్నంలో. కోపం ముంచుకొచ్చే ముందు ఒంట్లో ఏమవుతుందో గుర్తుపట్టి, బొమ్మ చూపించి చెప్పడం కూడా అక్కడే నేర్చుకున్నాడు.

వారానికి ఒక గంటతో ఇదంతా జరగదు. ఇంట్లో ఏం చేయించాలో ప్రతిసారీ థెరపిస్టును అడిగి రాసుకోండి. ఉతకాల్సిన బట్టల బుట్ట నెట్టించడానికి, చపాతీ పిండి పిసికించడానికి డబ్బు అక్కర్లేదు. బరువు పనుల తర్వాత మావాడు చక్కగా కుదురుకునేవాడు.

తిండి, బట్టలు, నిద్ర లాంటి ఇంటి సమస్యలను బడి పట్టించుకోకపోవచ్చు. వాటికి క్లినిక్ కావాలి. అప్పుడు ఇన్సూరెన్స్‌కు ఫోను చేసి ఏడాదికి ఎన్ని సెషన్లకు కడతారో, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు మనమే కట్టాల్సిన మొత్తం, ఎంత మిగిలిందో అడగండి. చాలా ప్లాన్లలో అది జనవరిలో మళ్లీ మొదటికి వస్తుంది. ఆ లెక్క చూసుకున్నాకే మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి.