విందు తిన్నాక వాంతులు: ఏ వంటకం వల్లో ఎలా తేలుస్తారు?

ప్రశ్న: మా ఊళ్లో పెళ్లి భోజనం తిన్న 120 మందిలో 48 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లలో 40 మంది కోడికూర తిన్నవాళ్లే. తప్పు కూరదేనా?

జవాబు: ఆ లెక్క ఒక్కటే చాలదండీ. జబ్బుపడని 72 మందిని కూడా ఏమేం తిన్నారో అడగాలి. సాధారణంగా వదిలేసేది ఇదే. కోడికూర తిన్నవాళ్లు 100 మంది అనుకుందాం. వారిలో 40 మంది జబ్బుపడితే 40 శాతం. తినని 20 మందిలో 8 మంది, అదీ 40 శాతమే. అంటే కూరను అనుమానించడానికి ఆధారం లేదు. అదే కోవా తిన్న 60 మందిలో 45 మంది (75 శాతం), తినని 60 మందిలో ముగ్గురే (5 శాతం) జబ్బుపడ్డారనుకోండి, తేడా 15 రెట్లు. ఆ ముగ్గురు కొంచెం రుచి చూసి మరిచిపోయి ఉండొచ్చు. అందుకే వంటకాల జాబితా చదువుతూ, రెండు మూడు రోజుల్లోపే అడగాలి.

తిన్న వేళ, మొదటి వాంతి వేళ రాసుకోండి. 1-6 గంటల్లో వాంతులైతే స్టెఫైలోకాకస్ లేదా బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం కావచ్చు. మొదటిది వంటవారి చేతి పుండ్ల నుంచీ చేరుతుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. 6-72 గంటల్లో జ్వరం, విరేచనాలైతే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను అనుమానించాలి.

మల నమూనా యాంటీబయాటిక్ వేయకముందే తీయించాలి, లేకుంటే సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. మిగిలిన వంటకాలు పారబోయకండి. విడివిడిగా శుభ్రమైన మూతడబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు చేయండి.