షూరిటీ సంతకం, మొహమాటం, ఇంకా మూడు ఉత్తరాలు

ఈ నెల వచ్చినవాటిలో నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్‌లోనే. కాబట్టి షేర్ల గురించి, క్రిప్టోల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు. డబ్బు పెంచడం నాకంత తెలియదు. ఉన్నది పోకుండా చూసుకోవడం కాస్త తెలుసు.

ప్రశ్న: మాది ఉప్పల్. గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. మా స్టాఫ్‌లో ఒక సారు పది లక్షల చిట్టీ పాడుకున్నారు. నెలకు 20 వేల చొప్పున 50 నెలలు. ఆరో నెలలోనే ఎత్తారు. షూరిటీ సంతకం పెట్టమని నన్ను అడుగుతున్నారు. "ఉత్త ఫార్మాలిటీ మేడమ్" అంటున్నారు. రోజూ ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటాం. కాదంటే ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. పోయినేడాది ఇంకొకరికి ఇలాగే పెట్టాను కూడా. పేరు వేయొద్దు.

జవాబు: ఉత్త ఫార్మాలిటీయే అయితే మీ స్కూలు గేటు దగ్గర సమోసాలు అమ్మే అతని సంతకమైనా సరిపోవాలి కదమ్మా! మీదే ఎందుకు అడుగుతున్నారంటే, మీకు నెలనెలా జీతం పడుతుంది, ఇంకా బోలెడు సర్వీసు ఉంది. చిట్టీ కంపెనీకి కావలసింది అదే.

లెక్క వేద్దాం. ఇంకా 44 కిస్తీలున్నాయి. ఇరవై వేల చొప్పున 8 లక్షల 80 వేలు. సక్రమంగా కట్టేవాళ్లకు డివిడెండ్ (పాటలో తగ్గిన సొమ్ములోంచి సభ్యులకు పంచే వాటా) పోను కొంత తగ్గుతుంది. కిస్తీలు ఆపేసినవాళ్లకు చాలా చోట్ల ఆ డివిడెండ్ కూడా ఇవ్వరు. కాబట్టి ఆ సారు రేపు చేతులెత్తేస్తే మీ మెడకు చుట్టుకునేది దాదాపు ఆ మొత్తం. ఎనిమిది లక్షల ఎనభై వేలు చేబదులు ఇవ్వమని ఆయన అడిగితే ఇస్తారా? ఇవ్వనప్పుడు ఆ సంతకం మాత్రం ఎలా పెడతారు?

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీ ఉన్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతేనని దాని 128వ సెక్షన్ చెబుతుంది. ముందు ఆయన వెంట పడి, ఆయన ఇవ్వకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం ఏమీ లేదు. ముగ్గురు షూరిటీలున్నారు, నా వంతు మూడోది కట్టి తప్పుకుంటానంటే కుదరదు. మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. తక్కిన ఇద్దరి చుట్టూ తర్వాత మీరు తిరగాలి. కోర్టు దాకా పోయి జీతం అటాచ్ అయిందంటే, అంటే జప్తు అయిందంటే, ఆ కాగితం నేరుగా మీకు జీతాలు ఇచ్చే ఆఫీసుకే వస్తుంది.

ఇదంతా పుస్తకం చూసి చెప్పడం లేదు. 1997లో మా ఆయన ఒక స్నేహితుడికి ఇలాగే సంతకం పెట్టారు. నాకు చెప్పలేదు. బ్యాంకులో పనిచేసే భార్యకు చెబితే వద్దంటుందని తెలుసు మరి. రెండేళ్ల తర్వాత జీతంలో కోత మొదలైంది, ఇరవై ఏడు నెలలు సాగింది. మా అమ్మాయి ఇంటర్ ఫీజుకి నా గాజులు రెండు జతలు తాకట్టుకు వెళ్లాయి. ఆ స్నేహితుడు మా పక్క వీధే. ఇప్పటికీ చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఎదురైతే సంచీతో సహా పక్క సందులోకి తిరుగుతాడు. మా ఆయన కూడా చూడనట్టే వంకాయలు ఏరుతూ ఉంటారు. కాదంటే స్నేహం పోతుందని పెట్టిన సంతకం అది.

ఇక ఎలా కాదనాలి అంటారా? అప్పటికప్పుడు అవుననీ కాదనీ అనకండి. "ఇంట్లో అడిగి రేపు చెప్తాను సార్" అనండి. మర్నాడు "మా ఇంట్లో ఒట్టు వేయించుకున్నారండీ, ఎవరికీ పెట్టనని" అని చెప్పేయండి. చిన్న అబద్ధమే, నా ఖాతాలో వేసుకుంటాను. ఊరికే కాదని వదిలేయకుండా ఒక దారి కూడా చూపించండి. ఎల్ఐసీ పాలసీ, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంటి కాగితాలు హామీగా పెట్టినా చిట్టీ కంపెనీలు డబ్బిస్తాయి. ఆయన దగ్గర అవేవీ లేకపోతే, లేవన్న సంగతి మీకు ఇప్పుడే తెలియడం మంచిది.

పోయినేడాది పెట్టిన సంతకం మాటేమిటి? ఈ శనివారమే ఆ చిట్టీ బ్రాంచికి వెళ్లి కిస్తీలు ఎక్కడి దాకా కట్టారో అడగండి. షూరిటీగా అది అడిగే హక్కు మీకుంది. మీరు సంతకం చేసిన కాగితాల నకలు తీసుకోండి. మూడు నెలలకోసారి ఇలా కనుక్కుంటూ ఉండండి. అది బ్యాంకు లోన్‌కి పెట్టిన హామీ అయితే మీ క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది. సిబిల్ లాంటి సంస్థ ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూసుకోండి.

చిట్టీలంటే నాకు పడదని అనుకోకండి. మా తరంలో సగం పెళ్లిళ్లు చిట్టీ డబ్బుతోనే అయ్యాయి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీ అయితే నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం దాటకూడదు, మొదలెట్టే ముందు రిజిస్ట్రార్ అనుమతి ఉండాలి. అపార్ట్‌మెంట్లో ఆంటీ నడిపే చిట్టీకి అవేవీ ఉండవు. ఆంటీ మంచిదే కావచ్చు. ఆమె దగ్గర ముందే ఎత్తుకుపోయినవాళ్లు మంచివాళ్లో కాదో మీకెలా తెలుస్తుంది?

ప్రశ్న: వనస్థలిపురం. వయసు 67. రిటైరయ్యాను. పోయిన నెల ముంబై పోలీసులమంటూ వీడియో కాల్ వచ్చింది. నా ఆధార్‌తో వెళ్లిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయట, డిజిటల్ అరెస్ట్ అన్నారు. రెండు గంటలు కుర్చీలోంచి లేవనివ్వలేదు. కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు ఫోన్ లాక్కుని కట్ చేసింది. డబ్బు పోలేదు గానీ నిద్ర పోయింది. నావి 14 లక్షలు ఒకే కో-ఆపరేటివ్ బ్యాంకులో ఫిక్స్‌డ్‌లో ఉన్నాయి, అక్కడ వడ్డీ కాస్త ఎక్కువ. అన్నీ ఫోన్‌లోనే చూసుకుంటాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందు మనవరాలికి మంచి బిర్యానీ తినిపించండి.

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదండీ. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "వెరిఫికేషన్ కోసం డబ్బు పంపు" అనరు. వాళ్లు మీ దగ్గర మొదట దొంగిలించేది మీ పక్కన ఉండే మనిషిని. "ఎవరికీ చెప్పొద్దు, తలుపు వేసుకో" అంటారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి.

నేను కౌంటర్‌లో ఉన్న రోజుల్లో లాటరీ మెసేజ్‌ల మోసాలుండేవి. పెద్దవాళ్లెవరైనా ఆయాసపడుతూ వచ్చి ఫిక్స్‌డ్ ఇప్పుడే రద్దు చేయమంటే ముందు గ్లాసుతో మంచినీళ్లు ఇప్పించి కూర్చోబెట్టేదాన్ని. "ఎవరికమ్మా ఇంత అర్జెంటుగా?" అని మెల్లగా అడిగేదాన్ని. నీళ్లు తాగేలోపు సగంమంది నిజం చెప్పేసేవారు. ఫోన్‌లో బ్యాంకు వచ్చాక ఆ గ్లాసు నీళ్లు లేకుండా పోయాయి. అవి మనమే పెట్టుకోవాలి. ఫిక్స్‌డ్‌లున్న ఖాతాను యూపీఐకి కలపకండి. ఇంటి ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకుని నెలకు సరిపడా అందులో వేసుకోండి, యూపీఐ దానికే ఉండాలి. రోజువారీ లిమిట్ యాప్‌లోనే తగ్గించుకోవచ్చు. ఫిక్స్‌డ్‌ని ఆన్‌లైన్‌లో గడువుకు ముందే రద్దు చేసే వీలు తీసేయమని బ్రాంచిలో అడిగి చూడండి. కొన్ని బ్యాంకులు చేస్తాయి. ఆధార్ వేలిముద్రలకు లాక్ వేసే వీలు ఆధార్ యాప్‌లో ఉంది, మనవరాలు చేసిపెడుతుంది.

ఒకవేళ ఎప్పుడైనా డబ్బు వెళ్లిపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత బ్యాంకుకి. దొంగలు ఆ సొమ్మును గంటల్లో పది ఖాతాలు తిప్పేస్తారు. త్వరగా చెబితే దారిలో ఉన్నదాన్నయినా ఆపగలరు. ఈ నంబరు ఫోన్‌లో ఉంటే చాలదు, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

ఇక ఆ పద్నాలుగు లక్షలు. బ్యాంకు మూతపడితే డిపాజిట్ ఇన్సూరెన్స్ కింద వచ్చేది ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే, అసలూ వడ్డీ కలిపి. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఈ లెక్క. నాలుగు బ్రాంచీల్లో వేసినా బ్యాంకు ఒకటే కాబట్టి అన్నీ కలిపి ఒకటే. 2001, 2002 ప్రాంతంలో మన హైదరాబాద్‌లోనే సహకార బ్యాంకులు కొన్ని దెబ్బతిన్నాయి. అప్పటికి ఇన్సూరెన్స్ లక్ష రూపాయలే. మా చిన్నమామగారు ఇల్లు కట్టడానికి దాచిన మూడున్నర లక్షలు ఒకదాంట్లో ఇరుక్కున్నాయి. లక్ష చేతికొచ్చింది, తక్కినదాని కోసం తిరిగి తిరిగి ఆ స్థలమే అమ్మేశారు. వడ్డీ ముప్పావు శాతం ఎక్కువని వేశారు ఆయన కూడా.

భయపడి అన్నీ ఇవాళే రద్దు చేసుకోకండి, పెనాల్టీ పడుతుంది. గడువు తీరినవి తీరినట్టు మార్చండి. ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి ఐదు లక్షలు దాటకుండా చూసుకోండి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఉంది, 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ. అది ప్రభుత్వానిదే కాబట్టి ఈ ఐదు లక్షల బెంగ ఉండదు.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉంటాను, మాదాపూర్‌లో జాబ్. జీతం 38 వేలు. 20వ తేదీకి ఖాళీ. క్రెడిట్ కార్డు మీద 62 వేలు ఉంది, వడ్డీ నెలకు మూడున్నర శాతం. మినిమమ్ డ్యూ 3,100 టైమ్‌కి కడుతూనే ఉన్నా, తగ్గట్లేదు. ఎందుకు?

జవాబు: 62 వేల మీద మూడున్నర శాతమంటే 2,170. దాని మీద జీఎస్టీ 18 శాతం, ఇంకో 390. నువ్వు కట్టిన 3,100లో అసలుకు పోయేది 540 రూపాయలు బాబూ. ఆ నెల రెండు బిర్యానీలు కార్డు మీద తెప్పించుకున్నావంటే అదీ సమం. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ.

కార్డును ఫోన్‌లోని యాప్‌లన్నిటి నుంచీ తీసేయి. మీ బ్యాంకులో పర్సనల్ లోన్ అడుగు. ఏడాదికి పదిహేను, పదహారు శాతమైనా సరే, ఇప్పుడు కడుతున్నది ఏడాదికి 42. ఆ డబ్బుతో కార్డు మొత్తం తీర్చేయి. జీతం పడిన మర్నాడే ఈఎంఐ పోయేలా, దాంతోపాటు ఓ రెండు వేలు రికరింగ్ డిపాజిట్‌కు పోయేలా పెట్టు. ఇరవయ్యో తారీఖుకు ఖాళీ అయ్యే జీతం అప్పుడు పదిహేనుకే ఖాళీ అవుతుంది, రెండు మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. ఓర్చుకో.

ప్రశ్న: కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డ్. మావారికి మూసాపేటలో హార్డ్‌వేర్ షాపు. ఈమధ్యే స్టెంట్ వేశారు. డబ్బు వ్యవహారాలన్నీ ఆయనవే. ఏ బ్యాంకులో ఏముందో, ఎవరికి ఎంతివ్వాలో నాకు తెలియదు. అడిగితే మా అత్తగారు "అశుభం మాటలేంటి" అంటారు. ఆయనేమో నవ్వేసి ఊరుకుంటారు.

జవాబు: మీవారు దీపావళికి షాపులో కొత్త ఖాతా పుస్తకం పూజలో పెడతారు కదమ్మా. అలాంటిదే ఇంటికి ఒకటి కొనండి, రెండు వందల పేజీలది. పసుపు బొట్టు పెట్టి అత్తగారి చేతనే మొదటి పేజీలో శ్రీకారం రాయించండి. ఇక ఆమె అశుభం అనలేరు.

ఆయన్ని "మీ తర్వాత" అన్న మాటతో అడగొద్దు. "మీరు హాస్పిటల్లో ఉన్న నాలుగు రోజులూ సిమెంటు డీలర్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియలేదు" అనండి. అది ఆయనకూ తెలిసిన ఇబ్బందే కాబట్టి చెబుతారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, రోజుకో పేజీ. ఖాతా ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, నామినీ ఎవరు. పాలసీ నంబరు, కట్టే తారీఖు. మనం ఎవరికి బాకీ, మనకెవరు బాకీ, ఎవరికైనా షూరిటీ ఉన్నారా (పై ఉత్తరం చదివారుగా). లాకర్ తాళం ఎక్కడుంది. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ పుస్తకంలో రాయకండి.

రాస్తుంటే కొన్ని ఖాళీలు బయటపడతాయి. నామినీ దగ్గర పెళ్లికి ముందు పెట్టిన ఆయన అమ్మగారి పేరే ఉండొచ్చు, చాలా ఇళ్లలో ఉంటుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారులు ఎవరన్నది వీలునామానో వారసత్వ చట్టమో చెబుతుంది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఆయన సంతకం, ఆయన ఎదురుగా ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అందులో వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. ఆ మాట మాత్రం ఇప్పుడే ఎత్తొద్దు, పుస్తకం సగమయ్యాక ఆయనే ఎత్తుతారు.

మరిచిపోయిన పాత ఖాతా ఏదైనా ఉందేమో రిజర్వ్ బ్యాంక్ వాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంక్ నిధికి వెళతాయి, అయినా అడిగితే తిరిగి ఇస్తారు. మా అత్తగారి పేరున పదకొండు వేలు అలాగే దొరికాయి.

మా ఇంట్లో పుస్తకం బీరువాలో లేదు, బీరువా తాళం ఎప్పుడూ మా ఆయన జేబులోనే కాబట్టి. వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్క అరలో, పంచాంగం కింద ఉంటుంది. మీరూ మీ చేతికి అందే చోటే పెట్టుకోండి. హెల్త్ పాలసీ గురించి ఉత్తరం చివర అడిగారు గానీ, ఆయనకు ఇప్పటికే ఏదైనా ఉందో లేదో తెలియకుండా నేనేం చెప్పను? ఆ పేజీ రాశాక మళ్లీ రాయండి.