గడియారం వస్తోంది, లాగిన్ పెట్టె రావట్లేదు

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లోని డెబియన్ లినక్స్ మెషీన్లలో, లాగిన్ అడిగే ప్రోగ్రాం అయిన ఎక్స్‌డీఎం లాగిన్ తెరను మాకు నచ్చినట్టు మార్చాం. పలకరింపు తెలుగులో పెట్టి, మూలన గడియారం కోసం ఎక్స్‌సెటప్ ఫైల్లో ఎక్స్‌క్లాక్ లైను చేర్చాం. ఇప్పుడు గడియారం ఒక్కటే వస్తోంది. ఆ లైను తీసేస్తే పెట్టె వస్తోంది గానీ, తెలుగులో వత్తులు విడిపోతున్నాయి.
– ల్యాబ్ అసిస్టెంట్, పటమట, విజయవాడ

జవాబు: ఆ లైను చివర & గుర్తు (ప్రోగ్రాంను వెనకాల నడవనిచ్చి, ముందుకు సాగమని చెప్పేది) పెట్టి ఉండరు. ఎక్స్‌డీఎం ముందు ఎక్స్‌సెటప్‌ను నడుపుతుంది, అది ముగిశాకే పెట్టె గీస్తుంది. ఎక్స్‌క్లాక్ తనంతట తాను ముగిసేది కాదు కదా, పెట్టె వంతు రానే రాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్లో రూట్‌గా (నిర్వాహకుడిగా) లాగినై, /ఈటీసీ/ఎక్స్11/ఎక్స్‌డీఎం/ ఫోల్డర్లోని ఆ ఫైలు తెరవండి. ప్రోగ్రాం పేరును పూర్తి పాత్‌తో రాసి, చివర & పెట్టి, ఎక్స్‌డీఎం సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలు. రీబూట్ అక్కర్లేదు.

ఇక్కడితో అయిపోలేదు. రూట్ పేరుతో మొదలైన ఆ గడియారం విద్యార్థి లాగినయ్యాక కూడా తెర మీదే కూర్చుంటుంది. దాన్ని ఆపడానికి, పాస్‌వర్డ్ సరిపోయాక ఎక్స్‌డీఎం నడిపే ఎక్స్‌స్టార్టప్ ఫైల్లో, పై భాగంలోనే, పీకిల్ ఎక్స్‌క్లాక్ అని రాయండి (పీకిల్ పేరు చెప్పిన ప్రోగ్రాంను ఆపేస్తుంది). చివర్న రాస్తే చిక్కుంది: చంపడానికి గడియారం లేనప్పుడు పీకిల్ 1 (విఫలమైందనే సంకేతం) తిరిగి ఇస్తుంది, చివరి ఆదేశం ఇచ్చిందే ఫైలు మొత్తం ఇచ్చినట్టు లెక్క. ఎక్స్‌స్టార్టప్ సున్నా కాకుండా మరేది ఇచ్చినా ఎక్స్‌డీఎం సెషన్ రద్దు చేసి మళ్లీ లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినవాడు తన వేళ్లను అనుమానించుకుంటాడు. అందుకే ఫైలు ముగింపులో ఎగ్జిట్ 0 ఉందో లేదో చూసుకోండి.

వత్తుల సంగతికొస్తే, ఫాంట్లు మార్చి లాభం లేదు. ఎక్స్‌డీఎం వాడే ఎక్స్ఎఫ్‌టీ అనే, అక్షరాలు గీసే లైబ్రరీ వాటిని ఒక్కొక్కటిగా పేరుస్తుందే తప్ప, హల్లు కింద వత్తును కూర్చడం దానికి రాదు. ‘స్వాగతం’లో ‘స్వా’ దగ్గరే చెడుతుంది. మాటను గింప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో బొమ్మగా చేసి, ఎక్స్‌పీఎం రకం ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఎక్స్‌డీఎం సెట్టింగుల ఫైలైన ఎక్స్‌రిసోర్సెస్‌లో లోగోఫైల్‌నేమ్‌కు ఇవ్వండి. గ్రీటింగ్ లైను ఖాళీగా వదిలేయండి.

ప్రశ్న: ఒక్క విద్యార్థికే ఇబ్బంది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒకసారి మిణుకుమని మళ్లీ లాగిన్‌కే వస్తోంది. ఇంట్లో విండోస్‌లో రాసుకున్న .ఎక్స్‌సెషన్ (లాగిన్ కాగానే నడిచే స్క్రిప్ట్) తెచ్చి పెట్టుకున్నాడట.
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదట అతని హోమ్ ఫోల్డర్లో, లోపాలు నమోదయ్యే .ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు చదవండి. డిస్కు నిండలేదని డీఎఫ్ ఆదేశంతో చూసి, ఆ పైన కనిపించని గుర్తులనూ చూపే క్యాట్ మైనస్ ఏ (cat -A) ఆదేశంతో ఆ స్క్రిప్ట్ తెరవండి. లైన్ల చివర ^ఎం కనిపిస్తే విండోస్ నుంచి వచ్చిన పంక్తిముగింపులవి, డాస్2యునిక్స్ ఆదేశంతో తీసేయండి. అయినా పోకపోతే చివరి లైను చూడండి. విండో మేనేజర్ (తెర మీది కిటికీలను నడిపే ప్రోగ్రాం) పేరు పక్కన & ఉంటే స్క్రిప్ట్ ఆగకుండా అయిపోతుంది, దాంతోపాటే సెషనూ అయిపోతుంది. పై ప్రశ్నలో & లేక వచ్చిన చిక్కు, ఇక్కడ ఉండడం వల్ల వస్తుంది. టెర్మినల్ లాంటి మిగతావాటికి & ఉంచి, చివరి లైనుకు మాత్రం తీసేయండి. సరిచేసుకోవడానికి అతను పాస్‌వర్డ్ కొట్టాక ఎంటర్ బదులు ఎఫ్1 నొక్కితే ఒట్టి టెర్మినల్‌తో లోపలికి పోవచ్చు, ఎక్స్‌రిసోర్సెస్ మార్చేటప్పుడు ఆ ఎఫ్1 లైను చెరిపేయకుండా ఉంటే.