మూడు బాత్రూములకూ గీజర్లు కావాలా?

ప్రశ్న: హనుమకొండలో ఇల్లు కడుతున్నాం, జీ ప్లస్ వన్, ప్రస్తుతం ప్లంబింగ్ నడుస్తోంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. బాత్రూములు మూడు. అన్నింటికీ 25 లీటర్ల గీజర్లు పెట్టమని ఎలక్ట్రీషియన్, సోలార్ వాటర్ హీటర్ పెట్టమని మా బావమరిది. షాపులో హీట్ పంప్ (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే మిషను) చూపించి కరెంటు మూడో వంతే కాలుతుందన్నారు, లక్షా ఇరవై వేలు. హోమ్ లోన్‌లో కలిపేస్తే తెలియదని అనుకుంటున్నాం. ఇప్పుడుంటున్న కిరాయింట్లో నీళ్లు గ్యాస్ మీద కాచుకుంటాం, చలికాలం నెలకు 170 యూనిట్లు కాలుతుంది. ఏది మేలు?

జవాబు: తెలియకపోవడం అనేది ఉండదండీ, నెలనెలా తెలుస్తుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్‌లో ఆ లక్షా ఇరవై వేలు కలిపితే ఈఎంఐ ఇంకో వెయ్యి రూపాయల పైన పెరుగుతుంది, తీరేసరికి మీరు కట్టేది దాదాపు రెండున్నర లక్షలు. ముందు ఈ లెక్క పక్కన పెట్టుకుని, అసలు వేడినీళ్లకు మీ ఇంట్లో ఎంత ఖర్చవుతుందో చూద్దాం, ఎందుకంటే షాపులో ఎవరూ అది చెప్పరు.

చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 20 లీటర్ల బకెట్టును స్నానానికి సరిపడా 42 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కరెంటు చాలు. ఐదుగురికి రెండున్నర, గీజర్ ట్యాంకులో మిగిలి చల్లారిపోయేది కూడా కలిపి రోజుకు మూడు యూనిట్లు, నెలకు 90. ఇప్పుడు అసలు కిటుకు చూడండి. తెలంగాణ టారిఫ్‌లో 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 పడుతుంది. 200 దాటిన నెలలో మాత్రం మొదటి యూనిట్ నుంచే 200 దాకా 5.10, ఆ పైన మూడు వందల దాకా 7.70. మీ 170 యూనిట్లకు 676 రూపాయలు అవుతుంటే, గీజర్ తోడై 260 అయితే 1,482. అంటే 90 యూనిట్లకు 806 రూపాయలు, యూనిట్ తొమ్మిది రూపాయలకు దగ్గర పడింది. గీజర్ కరెంటు ఎప్పుడూ మీ ఆఖరి స్లాబ్ రేటులోనే పడుతుంది, సగటు రేటుతో లెక్కేసుకుంటే మోసపోతాం.

సరే, ఇలాంటి నెలలు నాలుగు, మొత్తం 3,200. వానాకాలం అమ్మగారికి, పిల్లలకు ఇంకో వెయ్యి వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది, అప్పుడు గీజర్ ఎవరికి కావాలి? ఏడాదికి 4,200 రూపాయలు. హీట్ పంప్ ఇందులో మూడింట రెండొంతులు మిగిల్చినా 2,800. దాని మీద మొదటి ఏడాది వడ్డీయే పదివేలు దాటుతుంది. రోజంతా వేడినీళ్లు వాడే హాస్టల్‌కో లాడ్జికో అయితే అది బంగారం లాంటి మిషను, మీ ఇంటికి కాదు.

సోలార్ సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. 200 లీటర్లది 35 వేలు అనుకుంటే, ఏడాదికి మూడు వేల పైన మిగలొచ్చు, కానీ లోన్‌లో పెడితే వడ్డీ కూడా అంతే. చేతిలో డబ్బుతో అయితే ఆలోచించవచ్చు, అదీ మీ బోరు నీళ్లు చూశాకే. బకెట్టు అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లయితే సోలార్ గాజు ట్యూబుల్లోనూ అదే కడుతుంది, రెండు మూడేళ్లకే నీళ్లు గోరువెచ్చగా రావడం మొదలవుతుంది. ఇంకోటి, డాబా మీది నుంచి కింది బాత్రూముకు పైపు ఓ 15 మీటర్లు ఉంటే అందులో నిలిచిన నాలుగు లీటర్ల చన్నీళ్లు పోయాక గానీ వేడినీళ్లు రావు. పొద్దున్నే అమ్మగారు అంతసేపు నిలబడాలి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ దీనికి వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది కరెంటు తయారుచేసే ప్యానెళ్లకు, మూడు కిలోవాట్లకు 78 వేలు. నిజానికి హీట్ పంప్‌కు పెడదామనుకున్న డబ్బు ఎప్పుడైనా చేతికొస్తే ఆ ప్యానెళ్లకు పెట్టండి, ఏసీ బిల్లు కూడా తగ్గుతుంది.

కాబట్టి నా మాట: కింద అమ్మగారి బాత్రూములో ఒకటి, పైన మీరంతా వాడే దాంట్లో ఒకటి, 15 లీటర్ల గీజర్లు రెండే కొనండి, రెండూ కలిపి ఇరవై వేల లోపు. మూడో బాత్రూముకు వైరింగు, పైపు పాయింటు ఇచ్చి వదిలేయండి, చుట్టాలొచ్చే నాలుగు రోజుల కోసం మిషను దండగ. ట్యాంకులో 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే చన్నీళ్లు కలిపి ఒకటింబావు బకెట్టు ధారాళంగా వస్తుంది, అందుకు పట్టేది ఇరవై నిమిషాలు. 25 లీటర్లదైతే అరగంట దాటుతుంది, ఒక్కరు స్నానం చేసినా ట్యాంకంతా కాగాల్సిందే.

స్టార్ల గురించి కూడా ఒక ముక్క. గీజర్ మీది స్టార్లు కాగిన నీళ్లు ఎంత నిదానంగా చల్లారతాయో చెబుతాయి, అంతే. వేసి, ఇరవై నిమిషాలకు ఆపేసి, వెంటనే వాడుకునేవాళ్లకు మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ బిల్లులో పెద్ద తేడా రాదు. స్విచ్ ఆపడం మరిచిపోయే ఇల్లయితే (ఏ ఇల్లు కాదు చెప్పండి) ఐదు స్టార్లదే కొనండి. ఎనిమిది బార్ల ప్రెషరు తట్టుకుంటుందని ఎక్కువ ధర చెబితే వద్దనండి, అది పదంతస్తుల అపార్టుమెంట్లకు, ప్రెషర్ పంపులున్నవాళ్లకు. గ్యాస్ గీజర్ మాత్రం ఎవరెంత చౌక అని చెప్పినా బాత్రూము లోపల వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

గోడలు తెరిచి ఉన్నప్పుడే డాబా నుంచి బాత్రూములకు వేడినీళ్ల సీపీవీసీ పైపు వేయించుకోండి, ఇప్పుడైతే కొద్ది వేలతో పోతుంది, టైల్స్ వేశాక అయితే పగలగొట్టాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు దిమ్మెలు ఇంకా కట్టకపోతే ఎత్తుగా లేపమని మేస్త్రీకి చెప్పండి. రేపు సోలార్ పెట్టినా చన్నీళ్ల ట్యాంకు అడుగు దాని కంటే పైనే ఉండాలి, లేకపోతే పంపు అదనం. కింద పోర్షన్ ఎప్పటికైనా కిరాయికి ఇచ్చే ఆలోచన ఉంటే దానికి వేరే మీటరు ఇప్పుడే పెట్టించండి, వచ్చేవాళ్లకు గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉంటే 200 యూనిట్ల లెక్క వాళ్లకూ ముఖ్యమే.