ఇరుకు పాయల్లో బోట్లకి స్పీడు లిమిట్ ఎంతుండాలి?

గంటకి ఇన్ని కిలోమీటర్లని ఒక్క అంకె అడిగారు. చివర్లో చెప్తాను గానీ, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మా నావని ముంచిన బోటు మమ్మల్ని చూసి స్పీడు తగ్గించిన బోటే మరి.

మాది కోనసీమలో ఓ లంక. ఇంటర్ సెలవుల్లో నాన్నా నేనూ నావలో కొబ్బరికాయలు అవతలి రేవుకి తీసుకెళ్తున్నాం. ఒక్క ట్రిప్పులో అయిపోవాలని కాయలు నిండా పోశాం. నావ అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడు కూడా లేదు, అది మా తప్పే. ఎదురుగా టూరిస్టుల స్పీడ్ బోటు నీళ్ల పైపైన జారుకుంటూ వస్తోంది. దగ్గరకొచ్చాక డ్రైవరు, పాపం, మర్యాదకి ఇంజన్ తగ్గించాడు. అంతే, బోటు వెనక్కి కూలబడింది, ముక్కు లేచింది, వెనకాల మోకాలెత్తు అల పుట్టింది. "ముక్కు తిప్పరా!" అని నాన్న అరిచాడు. నేను గెడ వేసేలోపే అల పక్క నుంచి కొట్టింది. మొదటి అలకి నావ సగం నిండింది, రెండో అలకి మునిగింది. అక్కడ ఛాతీ లోతే కాబట్టి బతికాం. కాయలు మాత్రం వరసకట్టి సముద్రం దారి పట్టాయి. బోటులో వాళ్లు ఫోన్లు తీసి వీడియో! ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. వాటిని సీట్ల కింద కుక్కి, పైన పాటల బాక్సు పెట్టుకున్నారు.

స్పీడ్ బోటుకి అన్నిటికన్నా చెడ్డది ఆ మధ్య స్పీడే. బాగా నెమ్మదిగా పోతే అల ఉండదు, పైకి తేలి పోతున్నప్పుడు కొంచెం తక్కువ. మధ్యలో ఉంటేనే నీళ్లని దున్నేస్తుంది. తగ్గించేవాడు రెండు వందల మీటర్ల ముందే పూర్తిగా తగ్గించాలి.

పైగా లోతు సంగతి బోర్డు రాసేవాళ్లకి పట్టదు. రెండు మీటర్ల లోతులో అల గంటకి 16 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది, మీటరు లోతులో 11 దాకానే. బోటు ఆ వేగం దగ్గరకొచ్చిందంటే అల ఉబ్బిపోతుంది. వానాకాలంలో ఫరవాలేదనిపించిన స్పీడే ఎండాకాలంలో గట్టుని కోస్తుంది. అల ఎత్తు రెట్టింపైతే దాని బలం నాలుగింతలు. లంకలు కోసుకుపోవడానికి వరదలనీ ఇసుక తవ్వకాలనీ అంటారు, నిజమే. ఈ అలల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నా కోపం అదే.

ఇక అంకె: రేవులూ నావలూ ఉన్న చోట 8 దాటకూడదంటాను. ఫోన్‌లో చూసి 8 అనుకోకండి, అది గట్టుతో పోల్చిన స్పీడు. ఏటికి ఎదురు పోతుంటే ఫోన్ 8 చూపించినా నీళ్లలో బోటు 12 మీద ఉండొచ్చు, అల దాన్ని బట్టే లేస్తుంది.