చేతులకు పని చెప్పు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ తీరిగ్గా చూశాను. వెలుగును బాగా పట్టుకున్నావు, కళ్ళు జీవంతో ఉన్నాయి. నువ్వు అనుమానపడినట్టే చిక్కంతా చేతుల దగ్గర ఉంది. పైన ముఖం నవ్వుతోంది, కింద పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి. చూసేవారికి ఆ నవ్వు మీద నమ్మకం పోయేది అక్కడే.

కెమెరా ముందుకు రాగానే మనిషికి తన చేతులు గుర్తొస్తాయి. అప్పటిదాకా వాటి మానాన అవి ఉన్నవి ఒక్కసారిగా బరువెక్కుతాయి. "చేతులు మామూలుగా పెట్టండి" అన్నావంటే ఇంకా బిగుసుకుంటాయి. ఆ మాట ఎవరితోనూ అనకు. చేతులకు ఏదైనా పని చెప్పు. పట్టుచీర కట్టుకున్న అమ్మాయిని కుచ్చిళ్ళు ఒకసారి సర్దుకోమను, గాజులు వెనక్కి తోసుకోమను, జడ ముందుకు వేసుకోమను. పెళ్ళికొడుకును కండువా సరిచేసుకోమను. ప్యాంటు చొక్కా వేసుకున్నవాడైతే చేతి గుండీ పెట్టుకోమను. పని జరుగుతున్నంతసేపూ ఊరికే చూస్తూ ఉండు. అది అయిపోయి చెయ్యి వెనక్కి వస్తుంది చూడు, అప్పుడు నొక్కు. వేళ్ళలో బిగువు లేనిది ఆ క్షణంలోనే.

గోరింటాకు కనబడాలని పెళ్ళికూతురు రెండు అరచేతులూ ముఖం పక్కన పెట్టిన ఫొటో ఒకటి పంపావు. అందులో ముఖం చిన్నదిగా కనిపిస్తోంది. నీ చెయ్యే కొలిచి చూసుకో: మణికట్టు దగ్గర నుంచి మధ్యవేలి కొన దాకా ఉన్న పొడవు, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటి దాకా ఉన్న పొడవుకు ఇంచుమించు సమానం. అంత చేతిని కెమెరాకు ఎదురుగా చాపితే ముఖంతో పోటీ పడక ఏం చేస్తుంది? కాస్త పక్కకు తిప్పించు. చిటికెన వేలి అంచు కెమెరా వైపు ఉంటే చెయ్యి సన్నగా, పొందికగా కనిపిస్తుంది. మణికట్టు కొద్దిగా వంగాలి. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కోకుండా, ఒక్కొక్కటీ ఒక్కో మేరకు ముడుచుకోవాలి. గోరింటాకు డిజైను కావాలంటే చేతులను మాత్రమే దగ్గరగా వేరే ఫొటో తియ్యి.

ఆ ఫొటో ఫోనుతో తీసినట్టున్నావు. ఫోనులో మామూలుగా వాడే కెమెరా వెడల్పుగా చూస్తుంది, అంటే సుమారు 24–26 మిల్లీమీటర్ల లెన్సు చూపు. దానితో దగ్గరగా నిలబడి తీస్తే ముందుకు వచ్చిన చెయ్యి ముఖం కన్నా పెద్దదైపోతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ పెట్టుకో. పెద్ద కెమెరా ఉంటే, అంత వెడల్పుగా చూడని 85 మిల్లీమీటర్ల లెన్సు వాడు.

ఇంకో మాట. మేకప్ చేసేవారితో ముందే మాట్లాడు. ముఖానికి రెండు ఛాయలు తెల్లగా వేసి చేతులను వదిలేస్తే, గడ్డం కింద చెయ్యి పెట్టగానే అది వేరే మనిషి చెయ్యిలా కనిపిస్తుంది. చేతులకు కూడా తెలుపు పూయమని నేను చెప్పను. ముఖాన్నే చేతుల రంగుకు దగ్గరగా ఉంచమని అడుగు. ఆ అమ్మాయి రంగు అదే, అదే అందం. గడ్డం కింద పెట్టిన చెయ్యి ఊరికే తాకాలి. తల బరువు దాని మీద వేస్తే చెంప నొక్కుకుపోతుంది.

మగవాళ్ళ విషయం తేలిక. జేబులో చెయ్యి పెడితే బొటనవేలు బయట ఉండాలి. చేతులు కట్టుకుంటే వేళ్ళ కొనలు కనబడాలి, కండను పిసికినట్టు పట్టుకోకూడదు. మోచేతికీ నడుముకూ మధ్య కాస్త ఖాళీ వదిలితే మనిషి లావుగా కనిపించడు. ఆడవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఫ్రేమును మణికట్టు దగ్గర మాత్రం ఎప్పుడూ కొయ్యకు.

పాత స్టూడియో ఫొటోల్లో అందరి చెయ్యీ కుర్చీ మీదనో బల్ల మీదనో ఎందుకుంటుందని అడిగావు. 1839లో డాగెరోటైపు అనే తొలినాటి ఫొటో పద్ధతి వచ్చిన కొత్తలో ఒక్క ఫొటోకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. ఆనుకోకపోతే చెయ్యి చెదిరిపోయేది. ఆ అవసరం తీరిపోయాక కూడా అలవాటు మిగిలింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన ప్రముఖుల చిత్రాలు దొరికితే చేతులనే చూస్తూ పోరా తల్లీ. కత్తి పిడి మీద, కుర్చీ చేతి మీద ఆనిన వేళ్ళు ఎంత నిదానంగా ఉంటాయో తెలుస్తుంది. ఇప్పుడు కూడా నిలబడలేని పెద్దవాళ్ళకు చేతుల కుర్చీని మించినది లేదు.

పెద్దవాళ్ళ చేతుల గురించి మరీ మరీ చెబుతున్నాను. నరాలు తేలిన చేతులను అరనిమిషం గుండె కన్నా ఎత్తులో పట్టుకుంటే నరాలు అణిగిపోతాయి. అడిగినవాళ్ళకు ఆ ఉపాయం చెప్పు. అడగనివాళ్ళ చేతులను అలాగే తియ్యి. మీ అమ్మమ్మ చూపుడువేలి మీద కత్తిపీట గాటు ఉంది, బొటనవేలి గోరు అరిగిపోయి ఉంది. ఆవిడ ఫొటో తీసి కంప్యూటర్‌లో ఆ చేతులను నున్నగా చేశావంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఒళ్ళో చెయ్యి మీద చెయ్యి వేసుకుని కూర్చోమను, వేళ్ళు పెనవేసుకోవద్దను. లేదా ఒక మూర మల్లెలు చేతికిచ్చి నువ్వు కబుర్లు చెబుతూ ఉండు.

ఈసారి తీసినవాటిలో ముఖాలు కత్తిరించి చేతుల వరకే నాకు పంపు. ఎవరు హాయిగా ఉన్నారో, ఎవరు ఇబ్బంది పడ్డారో నేను రాసి పంపుతాను. నువ్వు అసలు ఫొటోలతో సరిచూసుకో.

నీ మామయ్య