బ్యాటరీ ఖరీదు అడిగే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే నీ టయోటా ప్రియస్ కారు డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగిందనీ, సర్వీసు వాళ్లు హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని తేల్చి ఖర్చు అంచనా చేతిలో పెట్టారనీ, ఆ అంకె చూశాక కారే అమ్మేయాలనిపిస్తోందనీ రాశావు. తొందరపడకు తల్లీ. ఖరీదు సంగతి తర్వాత చూద్దాం. అసలు పోయింది బ్యాటరీయేనా అన్నది ముందు తేలాలి.

నేను షెడ్డులో పనిచేసే రోజుల్లో ఇలాగే ఒక కారు వచ్చింది. ఇదే దీపం, కారు కంప్యూటరును చదివే స్కానర్‌లో బ్యాటరీ మార్చమన్న కోడ్. మార్చేశాను. తర్వాత తీరిక దొరికి పాత బ్యాటరీ మూత విప్పితే, మాడ్యూళ్లను, అంటే లోపలి చిన్న చిన్న బ్యాటరీ పెట్టెలను, కలిపే రాగి పట్టీల మీద పచ్చగా చిలుము పేరుకుని ఉంది. ఒక్కో మాడ్యూలుకు కరెంటు లాగే లోడు పెట్టి వోల్టేజి కొలిచాను. అన్నీ నిలబడ్డాయి. చిలుము అడ్డుపడి కంప్యూటరుకు వోల్టేజి తప్పుగా అందింది, అంతే. పట్టీలు శుభ్రం చేసి బిగిస్తే తీరిపోయే పనికి ఆ కారు యజమాని చేత కొత్త బ్యాటరీ కొనిపించాను. డబ్బు తిరిగి ఇచ్చుకున్నాను గానీ ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

నీది రెండో తరం కారు కాబట్టి బ్యాటరీలో 28 మాడ్యూళ్లు వరసగా ఉంటాయి. ఒక్కోదానిలో 6 సెల్‌లు, సెల్‌కు 1.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు. కంప్యూటరు వీటిని రెండేసి చొప్పున 14 జంటలుగా చూస్తుంది. కారు నడుస్తుండగా ఆ 14 అంకెలూ స్కానర్‌లో చూపించమని అడుగు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు అన్నీ కలిసి తగ్గి, వదలగానే కలిసి పెరిగితే మంచిదే. ఒక జంట మాత్రం మిగతావాటికంటే వోల్టుకు పైగా పడిపోతుంటే అందులో సెల్ చచ్చి ఉండాలి, లేదా నేను చెప్పిన చిలుము అయి ఉండాలి. మూత విప్పి చూడనిదే ఏదో తెలియదు. విప్పి చూడమను.

వెనక సీటు పక్కన ఒక జాలీ ఉంటుంది, చూశావా? బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే వెళ్తుంది. మీ కుక్క వెనక సీట్లోనే తిరుగుతుంది కదా, దాని వెంట్రుకలు ఫ్యాను రెక్కలకు చాపలా అల్లుకుపోతాయి. బ్యాటరీ వేడెక్కితే వయసుకు ముందే ముసలిదవుతుంది. కొత్త బ్యాటరీ వేయించినా ఆ ఫ్యాను శుభ్రం చేయించకపోతే అదీ అదే దారి పడుతుంది. చిన్న 12 వోల్టుల బ్యాటరీని కూడా పరీక్ష చేయించు. అది నీరసించినా ఈ కార్లలో సంబంధం లేని దీపాలన్నీ వెలుగుతాయి.

ఇవన్నీ చూశాక కూడా బ్యాటరీయే పోయిందని తేలితే, కారు ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటావో ముందు నిర్ణయించుకో. ధరను ఆ ఏళ్లతో భాగించు. నాలుగైదేళ్లు ఉంచుకునేట్టయితే కొత్తదే తీసుకో. బాగుచేసిన బ్యాటరీ చవగ్గా వస్తుంది, నిజమే. కానీ అందులో చచ్చిన ఒకటి రెండు మాడ్యూళ్లు మార్చి మిగతావి పాతవే ఉంచుతారు. అవన్నీ ఒకే ఈడువి. ఇవాళ ఒకటి, ఆరు నెలల తర్వాత ఇంకొకటి పోతుంది. పోయిన ప్రతిసారీ విప్పి బిగించే కూలి నీదే. ఏడాదిలో కారు అమ్మేసే ఆలోచన ఉంటేనే, అదీ కొనేవాళ్లకు ఉన్నమాట చెప్పి, ఆ దారికి వెళ్లు. ప్రమాదంలో దెబ్బతిన్న కారులోంచి తీసిన బ్యాటరీ జోలికి మాత్రం పోవద్దు. నెలల తరబడి మూల పడి ఉంటే ఇలాంటి నికెల్ బ్యాటరీలు వాటంతటవే ఖాళీ అయి దెబ్బతింటాయి.

అంచనా కాగితంలో పని కూలి కలిసి ఉందో లేదో, పాత బ్యాటరీ అప్పగిస్తే ఎంత వెనక్కి ఇస్తారో, వారంటీలో మళ్లీ బిగించే కూలి కూడా వస్తుందో రాతపూర్వకంగా తీసుకో. ఈ మూడింటి దగ్గరే చవక బేరాలు తలకిందులవుతాయి.

కూలి మిగులుతుందని తమ్ముడు తానే విప్పుతానంటున్నాడని రాశావు. వాడికి ఈ మాట చదివి వినిపించు: నారింజ రంగు తీగలను ముట్టుకోవద్దు. అవి ప్రాణం తీసే కరెంటు మోస్తాయి. బ్యాటరీ కరెంటును తెంపే సర్వీసు ప్లగ్గు తీసేశాక కూడా కారు ఇన్వర్టరులో కరెంటు నిలవ ఉంచుకునే కెపాసిటర్లు ఖాళీ కావడానికి కనీసం పది నిమిషాలు ఆగాలి. అప్పుడైనా అధిక వోల్టేజికి పరీక్షించిన రబ్బరు తొడుగులు లేకుండా లోపల చెయ్యి పెట్టకూడదు. వాడికి అంత ఉత్సాహం ఉంటే ఫ్యాను జాలీ మీద దుమ్ము తుడవమను. మూత జోలికి వద్దు.

ఆ 14 అంకెలు కనబడేలా రెండు ఫోటోలు పంపించు, కారు నిలబడి ఉన్నప్పుడు ఒకటి, గట్టిగా లాగుతున్నప్పుడు ఒకటి. పక్కన ఎవరో కూర్చుని తీయాలి, నడుపుతూ నువ్వు తీయకు. అవి నేను చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య